ఇంటి మాట, ఊరి మాట: మన సీమలో యుద్ధస్మృతులు

యుద్ధము ముగిసిన పిదప దానిని గూర్చి రెండు మాటలు మిగులును. ఒకటి ఇంటి మాట. ఎవరు పోయి తిరిగి రాలేదు, ఏ చేను చేయి జారినది, ఏ ఊరు విడిచి ఏ ఊరు చేరవలసి వచ్చినది అను సంగతులు ఇంటివారు తమలో తాము చెప్పుకొందురు. రెండవది ఊరి మాట. రాతిమీద చెక్కిన బొమ్మ, జాతరలో పాడు పాట, కోటను గూర్చిన కథ, ఒక తెగకు వచ్చిన పేరు, ఇవి యన్నియు ఊరందరి సొత్తు. చరిత్ర గ్రంథములు సాధారణముగా రాజుల పేర్లను, తేదీలను చెప్పి ఊరకుండును. ప్రజల మనస్సులలో మాత్రము యుద్ధము నిలిచియుండునది ఈ రెండు మాటలలోనే.

ఈ రెండును వేర్వేరుగా బ్రదుకునవి కావు. ఇంటి దుఃఖము ఊరి పాటయగును. ఆ పాట విని యింటివారు తమ జ్ఞాపకమును మరల దిద్దుకొందురు. ఫ్రాన్సు దేశీయుడగు మోరిస్ హాల్బ్వాక్స్ అను పండితుడు 1925లో ప్రకటించిన గ్రంథమున, మనుష్యుని జ్ఞాపకములు అతని కుటుంబము, మతము, సంఘము ఇచ్చిన చట్రములోనే నిలుచునని ప్రతిపాదించెను. ఆయనయే రెండవ ప్రపంచయుద్ధకాలమున జర్మనుల చేత చిక్కి, 1945లో బూఖెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరమున మరణించెను. ఆయన మాటకు నిదర్శనములు దూరదేశములందు వెదుకనక్కరలేదు. పెన్న, పాపఘ్ని, కుందూ నదులు పారు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములందే అవి సమృద్ధిగా కలవు.

మన సీమలో యుద్ధమునకు మొదటి సాక్షి వీరగల్లు. తెలుగు శాసనములలో మొట్టమొదటిదిగా పేర్కొనబడుచున్న కలమళ్ళ శాసనము సుమారు క్రీ. శ. 575 నాటిది. దానిని వేయించిన ఎరికల్ ముత్తురాజు ధనంజయుని కాలమున ఈ ప్రాంతమునకు రేనాడని పేరు. రేనాటి చోళులు, బాణులు, వైదుంబులు ఒకరితో నొకరు పోరాడిన శతాబ్దములలో ఊరికొక వీరుడు నేలకొరగెను. పశువుల మందలను తోలుకొనిపోవు శత్రువుల నెదిర్చి కొందరు, ఊరి రక్షణకై కొందరు, ఏలిక పక్షమున కొందరు మడిసిరి. వారికొరకు రాయి నిలిపిరి. అక్షరములు గల రాళ్ళపై ఆ వీరుడెవరి బంటు, ఏ పోరున మడిసెను అను సంగతులు కనబడును. తొమ్మిదవ శతాబ్దినాటి కొన్ని వీరగల్లులలో సోరెమడి యుద్ధము పేరు కలదు. గొప్ప రాజుల ప్రశస్తులలో చేరని సామాన్య బంటుల పేర్లు ఆ రాళ్ళవలననే మనకు తెలియుచున్నవి.

రాయి నిలిపిననాడు అది ఒక యింటి రాయి. పోయినవాని తల్లి దానిని చూచి తన కొడుకును తలచుకొనెను. రెండు మూడు తరములు గడచునప్పటికి ఆ యిల్లు మరియొక చోటికి తరలెను, లేదా అడుగంటెను. అక్షరములు వానకు, ఎండకు అరిగెను. అప్పుడు ఊరు ఆ రాతిని తనదిగా చేసికొని పసుపు కుంకుమలు పెట్టి కొలువసాగెను. వాని పేరు పోయి ‘వీరుడు’ అను మాట మాత్రము మిగిలెను. అనేక గ్రామములలో ఒకే విధమైన కథ వినబడుటకు ఇదియే కారణము: ఆవులకొరకు పోరాడి ప్రాణమిచ్చిన వీరుడని. ఒక మనుష్యుడు ఊరికి దేవుడగుటకు తన పేరును మూల్యముగా చెల్లించెను. ఊరి మాట ఇంటి మాటను కాపాడును గాని, దానిని మార్చకుండ కాపాడదు.

పల్నాటిలో ఈ రెండింటికిని పొత్తు కుదిరిన తీరు గమనింపదగినది. పండ్రెండవ శతాబ్దిలో కారెంపూడి రణరంగమున మడిసిన వీరులకు అక్కడ వీరుల గుడి కలదు. ఏటేట కార్తికమాసమున జరుగు ఉత్సవమునకు వీరాచారవంతుల కుటుంబములవారు కొణతములను ఆయుధములతో పలుచోట్ల నుండి వత్తురు. ఇంటియందు పూజింపబడు ఆయుధము ఏటికొకమారు ఊరి పూజకు వచ్చి మరల ఇల్లు చేరును. అందువలన ఎనిమిది శతాబ్దములు గడచినను ఇంటి మాట ఊరి మాటలో పూర్తిగా కరగిపోలేదు.

మన ప్రాంతపు యుద్ధస్మృతులలో పెద్దది గండికోట పతనము. జమ్మలమడుగునకు సమీపమున పెన్నానది కొండను చీల్చుకొని పారు గండిమీద నున్న ఈ దుర్గము పెమ్మసానివారి ఏలుబడిలో విజయనగర సామ్రాజ్యమునకు గొప్ప అండగా నుండెను. 1565లో రాక్షసి తంగడి యుద్ధము జరిగిన పిదపకూడ ఎనుబది సంవత్సరములకు పైగా అది నిలిచెను. 1650లో గోలకొండ సుల్తాను సేనాని మీర్ జుమ్లా దానిని వశపరచుకొనెను. 1652లో టావెర్నియె అను ఫ్రెంచి రత్నవర్తకుడు గండికోటకు వచ్చి మీర్ జుమ్లాను చూచి, తాను చూచినవి విన్నవి వ్రాసి పెట్టెను. ఫిరంగులు పోత పోయించుటకై మీర్ జుమ్లా దేవాలయముల విగ్రహములను తెప్పించెననియు, మాయ్ అను ఫ్రెంచివాడు ఆ పనికి పూనుకొనెననియు, గండికోట ఆలయమున నున్న ఆరు విగ్రహములు మాత్రము ఎంత కాచినను కరగలేదనియు ఆయన వ్రాసెను. తన కంటితో చూచితినని చెప్పు పరదేశి వ్రాతలోనే ఊరి మాట అప్పుడే చోటు సంపాదించుకొన్నది. కోటను కాపాడలేకపోయిన దేవుడు తన్ను తాను కాపాడుకొనెనని ఓడినవారు చెప్పుకొని ఊరట పొందియుందురు. ఆ ఊరట టావెర్నియె చెవిని బడినది.

ఇక స్థానిక సంప్రదాయ మేమనుచున్నది? పెమ్మసాని చినతిమ్మానాయడు యుద్ధమున ఓడలేదనియు, మంత్రియైన పొదిలి లింగన్న పగవారితో చేతులు కలిపి ఆయనకు విషము పెట్టించెననియు చెప్పుదురు. ఇది నిజమా కాదా యని తేల్చుట కంటె, ఇట్టి కథ ఎందుకు నిలిచెనని విచారించుట మేలు. ఓడినవారి జ్ఞాపకములో కోట తనంత తాను ఓడదు. ఇంటిగుట్టు లంకకు చేటు అను సామెత మన నోట పుట్టినదే. విభీషణుని కథ విన్న ప్రతి ఊరును తన కోట పతనమునకు ఒక విభీషణుని వెదకుకొనును. ఫిరంగులు, ముట్టడి, ఆకలి అను కారణములను చెప్పినచో పోయినవారి పౌరుషమునకు లోటు వచ్చును. ద్రోహము జరిగినదని చెప్పినచో వారి పౌరుషము చెక్కుచెదరక నిలుచును. తాతముత్తాతలు ఆ కోటలో మడిసిన ఇంటివారికి ఆ కథ కావలసియుండెను. అందుచేత అది ఊరి కథయైనది.

కోట విడిచి పరుగెత్తినవారి జ్ఞాపకము మరియొక విధముగా నిలిచెను. కమ్మవారిలో గంప, గోడచాటు అను రెండు తెగల పేర్లకు గండికోట పోరాటమే కారణమని ఒక ఐతిహ్యము కలదు. కొందరు గంపలలో దాగి తప్పించుకొనిరట, కొందరు గోడచాటున నిలిచి బ్రదికిరట. 1909లో థర్‌స్టన్ ప్రకటించిన దక్షిణదేశపు కులముల గ్రంథమున ఇది చేరినది. అందులోనే దీనికి వేరొక వివరణయు కలదు. గంప నెత్తిన బెట్టుకొని బయట పని చేయు స్త్రీలు గలవారు గంపవారనియు, స్త్రీలను ఘోషాయందుంచువారు గోడచాటువారనియు. ఏది మొదటిదో చెప్పుట కష్టము. అయినను ఒక కుటుంబపు బిడ్డ తన తెగ పేరు అడిగిన ప్రతిసారి ముసలమ్మ గండికోట ముట్టడిని చెప్పెను. ముట్టడిని చూడని వందలాది కుటుంబములు ఒక గంప మూలమున ముట్టడిలో పాలుపంచుకొన్నవి. ఊరి మాట ఈ విధముగా ఇంటి మాటయగును.

ఈ మాటలు కాగితమున కెక్కిన విధము తెలిసికొనదగినది. కర్నల్ కాలిన్ మెకంజీ, ఆయన కొలువులోని కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు, వారి సహాయకులు పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్ళలో గ్రామ గ్రామమునుండి కైఫియత్తులను సేకరించిరి. గ్రామకరణముల వద్దనున్న దండకవిలెలు వానికి ముఖ్యాధారము. కరణమునకు కావలసినది మాన్యము, పొలిమేర, శిస్తు. యుద్ధము అతని కవిలెలోనికి వచ్చునది భూమి చేతులు మారినప్పుడే. ఏ దండు వచ్చి ఊరు పాడుపడెను, తిరిగి ఎవరు వచ్చి కుదుట పరచిరి, ఎవరి మాన్యము ఎవరికి పోయెను అను మాటలే అందు కనబడును. కన్నీటికి కవిలెలో పద్దు లేదు. అయినను గండికోట పడిన నూట యేబది యేండ్లకు వ్రాయబడిన ఆ కైఫియత్తులు లేకున్న పై కథలలో ఎన్నియో మనకు దక్కెడివి కావు. మెకంజీ 1821లో గతించిన పిదప, కడపలో ఉద్యోగము చేసిన సి. పి. బ్రౌను అట్టి స్థానిక చరిత్రలకు ప్రతులు వ్రాయించెను. మన కాలమున కడప జిల్లా కైఫియత్తులు అచ్చుపడినవి. ఇప్పుడు వానిని చదివిన యువకుడు ‘మా పెద్దలు చెప్పిరి’ అని అదే కథను చెప్పుచున్నాడు. నోటినుండి కవిలెకు, కవిలెనుండి అచ్చునకు, అచ్చునుండి మరల నోటికి, మాట ఒక చుట్టు తిరిగి వచ్చినది. కరణముల పదవి 1984లో రద్దయినది గాని కరణములు వ్రాసిన మాట మాత్రము నిలిచినది.

1800లో నిజాము ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసెను. అప్పుడు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ఎదుట సుమారు 80 మంది పాళెగాండ్రుండిరి. పులివెందుల ప్రాంతమున వేముల పాళెగాని వంటివారు తమ బంటులతో స్వతంత్రముగా మెలగుచుండిరి. కంపెనీ సేనలు వారిని లోబరచెను. లొంగనివారు పాళెములు పోగొట్టుకొనిరి, లొంగినవారికి భరణములు ఏర్పడెను. ఇది యుద్ధమే. కాని రైతుల జ్ఞాపకములో మన్రో యుద్ధము చేసిన దొరగా నిలువలేదు. పొలములు కొలిపించి, ఎవరి పొలమునకు వారినే శిస్తుకు బాధ్యులను చేసిన దొరగా నిలిచెను. బిడ్డలకు మన్రోలప్ప యను పేరు పెట్టుకొనిరి.

పాపఘ్ని కొండలను చీల్చుకొనివచ్చు గండి క్షేత్రమున ఆయనను గూర్చిన కథ ప్రసిద్ధము. శ్రీరాముడు లంకనుండి మరలివచ్చునప్పుడు వాయుదేవుడు ఆ గండికి అడ్డముగా బంగారు తోరణము కట్టెనట. అది పుణ్యాత్ముల కంటికే, అదియు వారి అంత్యకాలము సమీపించినప్పుడే కనబడునట. మన్రో ఆ దారిన పోవుచు తలయెత్తి ‘ఈ తోరణ మెవరు కట్టిరి?’ అని యడిగెనట. ఆయన 1827 జూలై 6న పత్తికొండలో విషూచి సోకి మరణించిన మాట చరిత్ర. తోరణము మాట జనశ్రుతి. జిల్లా గెజిటీరులో సైతము ఇది చోటు చేసికొన్నది. ఫిరంగితో వచ్చిన పరాయివానిని ఊరివారు రామాయణములో చేర్చుకొని తమవానిని చేసికొనిరి. ఇందువలన రైతు ఇంటి తృప్తి ఊరి మాటయైనది. పాళెము పోయిన ఇంటి వేదన మాత్రము ఆ మాటలో చేరక, లోలోపల రగులుచుండెను.

అట్టి వేదన 1846లో బయటపడెను. కోవెలకుంట్ల తాలూకా అప్పుడు కడప జిల్లాలోనిదే, 1858లో కర్నూలు జిల్లాకు మారెను. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పాళెగాండ్ర వంశమువాడు. నెలకు 11 రూపాయల పైచిలుకు భరణము మాత్రము వచ్చుచుండెను. నొస్సము పాళెగానికి దౌహిత్రుడగుటచే ఆ భరణముపై తనకు గల హక్కును ప్రభుత్వము త్రోసివేసెనని ఆయన కినిసెను. మాన్యములు పోగొట్టుకొన్న కట్టుబడి బంటులు ఆయన వెంట నడచిరి. జూలైలో కోవెలకుంట్ల ఖజానా మీద దాడి జరిగెను. అక్టోబరులో ఆయన పట్టుబడెను. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరి తీయబడెను. ఆయన తలను కోట గుమ్మమునకు వ్రేలాడదీసి 1877 వరకు, అనగా ముప్పది యేండ్లు, అట్లే యుంచిరి.

ఆ తల ప్రభుత్వము నిలిపిన స్మారకము. చూచినవారు భయమును జ్ఞాపకముంచుకొనవలెనని వారి తలంపు. కాని అదే ముప్పది యేండ్లలో పల్లెలలో పాట పుట్టి పెరిగెను. గుమ్మమున తల వ్రేలాడినంత కాలము పాట పాడువారి నోరును మూతపడలేదు. 1877 తరువాత తల పోయినది, పాట మిగిలినది. ఊరి మాట ప్రభుత్వపు మాటను గెలిచిన సందర్భ మిది.

అయినను ఒక సంగతి మరువరాదు. ఆ తిరుగుబాటులో సుమారు 900 మందిపై అభియోగము మోపిరి. 112 మందికి శిక్ష పడెను. పాటలో పట్టిన పేర్లు ఎన్ని? చెరసాలకు పోయిన ఒక బంటు భార్య ఆ యేండ్లు ఎట్లు గడపెను? పూచీకత్తుకు ఏ ఎద్దులు అమ్మిరి? ఆ మాటలు పాటలో ఇమడవు. ఇంటిలో కొంతకాలము నిలిచి, తరువాత పాట నీడలో ఒదిగిపోయెను. మనుమలు ‘మా తాతయు రెడ్డి వెంట నుండెను’ అను ఒక్క వాక్యమునే నిలుపుకొనిరి. 2019లో ఈ కథ చలనచిత్రముగా వచ్చెను. 2021లో కర్నూలు సమీపమున ఓర్వకల్లు విమానాశ్రయమునకు ఆయన పేరు పెట్టిరి. ఇప్పటి బిడ్డలకు నరసింహారెడ్డి యనగానే వెండితెర మీది ముఖమే తోచును. పాట ఇంటి మాటను కప్పినట్లే, చిత్రము పాటను కప్పుచున్నది.

కంటితో చూడని యుద్ధము ఒక మనస్సులో గాయమై, ఆ గాయము మరల అందరిదగుట గూడ కలదు. ప్రొద్దుటూరున చిరకాలము నివసించి, అచటి అగస్త్యేశ్వరాలయమున శివతాండవమును రచించిన పుట్టపర్తి నారాయణాచార్యులు 1914లో జన్మించిరి. బాల్యము పెనుకొండలో గడచెను. 1565 పరాజయము తరువాత విజయనగర రాజులకు రాజధానియైన ఆ ఊరి శిథిలముల నడుమ తిరిగి, యౌవనము రాకమునుపే ఆయన ‘పెనుగొండ లక్ష్మి’ కావ్యమును వ్రాసిరి. మూడున్నర శతాబ్దములనాటి ఓటమి ఒక బాలుని సొంత దుఃఖమైనది. ఆ కావ్యమే పిదప విద్వాన్ పరీక్షకు పాఠ్యగ్రంథము కాగా, ఆయనయే తన గ్రంథమును చదివి పరీక్షకు కూర్చుండవలసి వచ్చెనని ప్రతీతి. ఊరి శిథిలము ఒకని జ్ఞాపకమై, ఆ జ్ఞాపకము పాఠమై, చదివిన వారందరి జ్ఞాపకమాయెను.

ఇరువదవ శతాబ్ది యుద్ధముల సంగతి ఇందుకు భిన్నము. మొదటి ప్రపంచయుద్ధమునకు 13 లక్షలకు పైగా భారతీయులు సముద్రములు దాటి పోయిరి. 74 వేల మందికి పైగా మరణించిరి. రెండవ యుద్ధమున సుమారు 25 లక్షల మంది సైన్యమున చేరిరి. బర్మాలో పోయి సమాధియైనను దొరకనివారి పేర్లు రంగూను సమీపమున టౌక్యాన్ స్మారకముపై సుమారు 27 వేలు చెక్కబడినవి. వారిలో భారతీయులే ఎక్కువ. ఆ పేర్లను అక్కడికి పోయి చదువగల తల్లి మన పల్లెలలో ఎందరు? వీరగల్లు ఊరి బయటనే యుండెను. ఈ రాయి సముద్రమున కావల నున్నది.

పరాయి రాజుకొరకు చేసిన పోరు గనుక ఊరు దానికి పాట కట్టలేదు. స్వాతంత్ర్యము వచ్చిన పిదప దానిని చెప్పుకొనుటకు సందర్భమును లేకపోయెను. అందువలన ఊరి మాటలో ఆ యుద్ధము వేరొక రూపమున మిగిలెను. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నము, కాకినాడలపై జపానువారి బాంబులు పడుట, మద్రాసు నగరపు జనులు లోనాటి జిల్లాలకు తరలుట, తరువాత కంట్రోలు బియ్యము, కంట్రోలు గుడ్డ, కిరసనాయిలు కరవు. ‘కంట్రోలు కాలము’ అనునదే మన పెద్దల నోట ఆ యుద్ధమునకు పేరు. అందరును అనుభవించినది గనుక కరవు నిలిచినది. కొందరి ఇండ్లకే వచ్చినది గనుక మరణము నిలువలేదు. సైన్యమునకు పోయినవాని తల్లియు క్రమముగా తన కొడుకు మాట తగ్గించి కంట్రోలు మాటయే చెప్పసాగెను. వినువారు ఉన్న మాటనే మనుష్యుడు చెప్పును. వినువారు లేని మాట పెట్టెలోని పతకమువలె చిలుము పట్టును. 1962, 1965, 1971 సంవత్సరములలో దేశము చేసిన యుద్ధములకు పోయివచ్చినవారి మాటకు సైతము ఈ గతి పట్టరాదు.

మహాభారతమును రచించినవారికి ఈ విషయము తెలిసియుండెను. జయము కలిగిన వెంటనే పట్టాభిషేకము చెప్పక, నడుమ స్త్రీపర్వము నిలిపిరి. గాంధారి ఒక్కొక్క కళేబరమును చూచి పేరుపేరున ఏడ్చిన పిదపనే కథ ముందుకు సాగును. ఆ పర్వమును తెనిగించిన తిక్కన సోమయాజి ఇంటిలోనే ఖడ్గతిక్కన కాటమరాజుతో జరిగిన పోరున ప్రాణము విడిచెను. ఆ పోరును గొల్లలు కాటమరాజు కథగా తమ పక్షమున పాడుకొనిరి. నెల్లూరివారి పక్షమున ఖడ్గతిక్కనను గూర్చిన చాటువులు నిలిచెను. ఒకే యుద్ధమునకు రెండు ఊరి మాటలు! రెండింటిలోను పరుషోక్తులు, పౌరుషము కలవు. గాంధారి ఏడ్పు మాత్రము ఏ పక్షమునకును చెందక, ఇరుపక్షములకును చెందియున్నది.

ఈ భేదము మన సీమవారికి మిక్కిలి అవసరము. జ్ఞాపకములో దుఃఖము నిలిచిన నష్టము లేదు. పగ నిలిచినచో తరతరములకును చేటు. తండ్రి చావును కొడుకునకు చెప్పునప్పుడు చంపినవాని పేరే చెప్పి, చచ్చినవాని బ్రదుకును చెప్పకుండుటచేత ఎన్ని యిండ్లు పాడైనవో ఈ ప్రాంతమున తెలియనివారు లేరు. ఊరి మాట ఒక్కటే మిగిలినచోట వీరుడు, ద్రోహి యను రెండు వేషములే యుండును. ఇంటి మాట తోడైనప్పుడు వారు మరల మనుష్యులగుదురు.

గ్రంథాలయము చేయదగిన పని ఇచ్చట నున్నది. ఇరువది యైదు సంవత్సరములుగా పుస్తకములను తెచ్చి ఊరికిచ్చిన సంస్థ, ఇకమీదట ఊరి మాటను పుస్తకములకెక్కింపవలెను. ఒక బందు పుస్తకము తెరచి, ఇంటింటి పెద్దలు చెప్పు మాటలను వారు చెప్పినట్లే వ్రాసి, ఎవరు చెప్పిరి, వారెవరివలన వినిరి, ఏనాడు వ్రాసితిమి అను మూడు సంగతులను క్రింద చేర్చవలెను. పాటలో నొకవిధముగా, ఇంటిలో నొకవిధముగా నున్నచో రెండింటిని ప్రక్క ప్రక్కన ఉంచవలెనే గాని ఒకదానితో రెండవదానిని దిద్దరాదు. స్త్రీలను తప్పక అడుగవలెను. సైన్యమునుండి వచ్చిన జాబులు, పింఛను కాగితములు ఎవరింట నున్నను వానికి నకలు తీయించి భద్రపరుపవలెను. పొలిమేరలోని వీరగల్లుకు పసుపు పూయుటకు ముందు దానిమీది అక్షరములకు అచ్చు తీయించవలెను.

పూర్వము కవిలెలో కన్నీటికి పద్దు లేకుండెను. ఈ పుస్తకములో ఆ పద్దు వేయుట గ్రామవాసులందరి చేతిలోనున్న పని.